గూట్లో పట్టినంత మాత్రాన సరైన సెల్లు కాదు

సీఆర్2032 అనే బటన్ సెల్లు మందం 3.2 మిల్లీమీటర్లు. సీఆర్2016 మందం 1.6. వెడల్పు రెండింటికీ ఒకటే, 20 మిల్లీమీటర్లు. కాబట్టి రెండు 2016లను ఒకదానిమీద ఒకటి పేర్చి 2032 గూట్లో పెడితే చక్కగా కూర్చుంటాయి, మూత కూడా పడుతుంది. కాకపోతే మూడు వోల్టుల కోసం తయారైన పరికరానికి ఆరు వోల్టులు అందుతాయి. ఇదే కథ తలకిందులుగానూ నడుస్తుంది. కొన్ని కార్ల రిమోట్ తాళాలు, కొన్ని బుల్లి టార్చిలైట్లు నిజంగానే రెండు 2016ల జంటతో, ఆరు వోల్టులమీద పనిచేస్తాయి. మందం సరిపోయింది కదా అని ఆ జంట తీసేసి ఒకే ఒక 2032 పెడితే రిమోట్ మూగబోతుంది. సెల్లు కొత్తదే కాబట్టి అనుమానం సెల్లు మీదికి పోదు. రిమోటే చెడిపోయిందని తీర్మానించి, వేలు పోసి కొత్తది కొనేవారుంటారు.

బటన్ సెల్లు మార్చడంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. దుకాణంలో పాత సెల్లు చూపిస్తారు, దుకాణదారు దాని పక్కన ఇంకొకటి పెట్టి సైజు చూసి ఇచ్చేస్తాడు. సైజు చూడటం తప్పు కాదు, అది చాలదు. చూడవలసింది మొదట లోపలి రసాయనం, తర్వాత కొలత, ఆ తర్వాత పరికరం కరెంటును ఏ తీరున లాగుతుందన్నది. వీటిలో అందరూ కొలత మాత్రమే చూస్తారు. రసాయనం ఏమిటో చెప్పే అక్షరం అదే సెల్లు మీద, అంకెలకు ముందే, ఎవరికీ పట్టకుండా పడి ఉంటుంది.

అక్షరాలూ అంకెలూ చెప్పేది

సెల్లు వీపున చెక్కిన రాతలు చూస్తే అర్థంపర్థం లేనట్టు ఉంటాయి గానీ, వాటి వెనుక అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ పెట్టిన పద్ధతి ఉంది. 'ఆర్' అంటే గుండ్రంగా ఉందని, అంతకుమించి ఏమీ లేదు. కీలకం దాని ముందున్న అక్షరం. 'ఎల్' ఉంటే ఆల్కలైన్, 1.5 వోల్టులు. 'ఎస్' ఉంటే సిల్వర్ ఆక్సైడ్, 1.55 వోల్టులు. 'పీ' ఉంటే గాలి పీల్చి పనిచేసే జింక్-ఎయిర్, దాదాపు 1.4 వోల్టులు. 'సీ' అయినా 'బీ' అయినా లిథియం జాతి, మూడు వోల్టులు.

అంకెల దగ్గరే తికమక. నాలుగంకెలుంటే అది కొలత: 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం, 2025 అంటే అదే వెడల్పు, 2.5 మందం. 'ఆర్' తర్వాత మూడంకెలున్నా అంతే. వాచీల్లో వాడే 626 వెడల్పు 6.8, మందం 2.6. దశాంశం తర్వాతి అంకెను పేరులో వదిలేశారు కాబట్టి వెడల్పును అచ్చంగా అంకె ప్రకారమే లెక్కేయకూడదు. ఇక 41, 43, 44 లాంటి రెండంకెల పేర్లు కొలతలు కావు, వరుస సంఖ్యలు. ఎల్‌ఆర్44 వెడల్పు 11.6 మిల్లీమీటర్లు, మందం 5.4. ఆ పేరును ఎంత తిరగేసినా ఈ కొలత బయటపడదు.

ఇది చాలదన్నట్టు ఒక్కో సెల్లుకు అరడజను మారుపేర్లున్నాయి. ఎల్‌ఆర్44నే ఏజీ13 అంటారు, ఏ76 అంటారు, ఎల్1154 అంటారు. అదే కొలతలో వెండిది ఎస్‌ఆర్44. దానికి 357, 303 అనే పేర్లూ ఉన్నాయి. థర్మామీటర్లలో ఉండే ఎల్‌ఆర్41కి మారుపేరు ఏజీ3, వెండి జోడీ 392. ఎల్‌ఆర్1130, ఎల్‌ఆర్54, ఏజీ10 మూడూ ఒకటే. ఇందులో ఒక చిన్న తమాషా ఉంది. రసాయనశాస్త్రంలో ఏజీ అంటే వెండికి సంకేతం. సెల్లు మీద ఏజీ13 అని ఉంటే వెండి రకమేమో అనుకోవడానికి బాగా చదువుకున్నవారికే ఎక్కువ అవకాశం. నిజానికి ఏజీ పేరుతో అట్టమీద వరుసగా అతికించి అమ్మే సెల్లులు దాదాపు అన్నీ మామూలు ఆల్కలైన్‌వే, వాటిలో వెండి మచ్చుకైనా ఉండదు.

ఒకే సైజు, రెండు స్వభావాలు

ఎల్‌ఆర్44, ఎస్‌ఆర్44 పక్కపక్కన పెడితే రాత చదవకుండా తేడా కనిపెట్టడం కష్టం. వోల్టేజీలోనూ తేడా 0.05 మాత్రమే. మరి ధర ఎందుకు అన్ని రెట్లు ఎక్కువ? వెండి ధర ఒక కారణం. అసలు కారణం ఆ సెల్లు ఖర్చయ్యే తీరు.

ఆల్కలైన్ సెల్లు మిద్దెమీది ట్యాంకు లాంటిది. నీళ్లు తగ్గేకొద్దీ కుళాయి ధార సన్నబడినట్టు, వాడేకొద్దీ దాని వోల్టేజీ 1.5 నుంచి 1.4కి, 1.3కి, 1.2కి జారుతూ పోతుంది. సిల్వర్ ఆక్సైడ్ సెల్లు బావి మోటారు లాంటిది. నీళ్లున్నంతసేపూ ఒకే ధార, అడుగంటగానే ఒక్కసారిగా ఆగిపోతుంది. జీవితంలో చాలా భాగం 1.55 దగ్గరే నిలబడి చివర్లో నిట్టనిలువునా పడిపోతుంది. నిల్వలో కూడా వెండిదే పైచేయి: సెల్లులో ఎంత కరెంటు నిల్వ ఉందో చెప్పే కొలత మిల్లీ ఆంపియర్ అవర్. ఎల్‌ఆర్44లో అవి 110 నుంచి 150 ఉంటే, ఎస్‌ఆర్44లో 150 నుంచి 200 దాకా ఉంటాయి.

ఈ తేడా ఎక్కడ కొడుతుందో చూడాలంటే డిజిటల్ వెర్నియర్ కాలిపర్‌ను మించిన ఉదాహరణ లేదు. బాలానగర్‌లోనో, ఏ ఆటోనగర్‌లోనో లేత్ మిషన్ పక్కన జిడ్డు గుడ్డమీద పడుకుని ఉండే పనిముట్టు అది. మిల్లీమీటరులో వందో వంతు కొలిచే ఈ పరికరం వోల్టేజీ కొద్దిగా దిగగానే అలిగి కూర్చుంటుంది. అంకెలు మిణుకుమిణుకుమంటాయి, లేదా దవడలు కదపకుండానే విలువ మారుతుంది. ఆల్కలైన్ సెల్లు వేస్తే అందులో సగం శక్తి ఇంకా మిగిలి ఉండగానే వోల్టేజీ ఆ గీత దాటి కిందికి వస్తుంది. అంటే సగం వాడి సగం పారేసినట్టే. మిటుటోయో లాంటి కొలత పరికరాల తయారీదారులు తమ కాలిపర్లకు ఎస్‌ఆర్44నే ఇవ్వడం ఊరికే కాదు. దీనికి తోడు చవక రకం కాలిపర్లలో ఇంకో లోపం ఉంది. మీట నొక్కితే తెర ఆరుతుంది గానీ, లోపల స్థానాన్ని గుర్తుంచుకునే సర్క్యూట్ మేలుకొనే ఉండి కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. 'ఆపే పెట్టాను, అయినా నెలలకే అయిపోయింది' అనే ఫిర్యాదుకు మూలం అక్కడుంది. అలాంటి కాలిపర్‌ను వారాల తరబడి వాడనప్పుడు సెల్లు తీసి విడిగా పెట్టడమే చవకైన చికిత్స.

అలాగని అన్నిటికీ వెండి సెల్లే కొనాలనడం దుబారా. కూతలు పెట్టే బొమ్మకు, లేజర్ లైటుకు, దీపాల బొమ్మకు ఆల్కలైన్ చాలు. ధార సన్నబడితే బొమ్మ కూత కాస్త బొంగురుపోతుంది, అంతే. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరుకూ ఎల్‌ఆర్41 సరిపోతుంది. రోజుకు రెండు నిమిషాలు పనిచేసే పరికరం అది. తయారీదారు తన పుస్తకంలో ఎల్‌ఆర్, ఎస్‌ఆర్ రెండూ రాసి ఉంటే ఏది వేసినా ఇబ్బంది లేదు. ఎస్‌ఆర్ ఒక్కటే రాసి ఉంటే మాత్రం ఆ మాట పట్టించుకోవాలి.

థర్మామీటరు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. తెరమీద ఇంగ్లీషు 'ఎల్', 'ఓ' అక్షరాలు కనిపించగానే సెల్లు అయిపోయిందని దుకాణానికి పరిగెత్తేవారు ఎక్కువ. చాలా థర్మామీటర్లలో ఆ అక్షరాలకు అర్థం ఉష్ణోగ్రత 32 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువగా ఉందని, అంటే కొన ఇంకా ఒంటి వేడి అందుకోలేదని. సెల్లు నీరసించిందని చెప్పడానికి విడిగా చిన్న బ్యాటరీ బొమ్మ ఉంటుంది. చక్కెర కొలిచే గ్లూకోమీటరులో ఈ పొరపాటు ప్రాణంమీదికి వస్తుంది. అక్కడ అవే అక్షరాలకు అర్థం రక్తంలో చక్కెర ఆ మీటరు కొలవగలిగిన కనిష్ఠ స్థాయికన్నా కిందికి పడిపోయిందని. ఆ క్షణంలో కావలసింది కొత్త సెల్లు కాదు, నోట్లో చక్కెర, పక్కన మనిషి. స్పృహ తప్పుతున్న మనిషైతే నోట్లో ఏమీ పెట్టకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చేతి గడియారం లెక్క

క్వార్ట్జ్ వాచీ కరెంటు వాడకం ఎంత పొదుపో అంకెల్లో చూస్తే ముచ్చటేస్తుంది. ముల్లులున్న మామూలు వాచీ సగటున లాగేది సుమారు ఒక మైక్రో ఆంపియర్, అంటే ఆంపియరులో పది లక్షల వంతు. అందులో సాధారణంగా ఉండే ఎస్‌ఆర్626ఎస్‌డబ్ల్యూ సెల్లు నిల్వ సుమారు 26 మిల్లీ ఆంపియర్ అవర్లు. భాగిస్తే 26,000 గంటలు, దాదాపు మూడేళ్లు. మూడేళ్లు రావలసింది ఏడాదిలోపే ఆగిపోతోందంటే సాధారణంగా రెండు కారణాలు: వాచీ లోపల నూనె గట్టిపడి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుండాలి, లేదా వేసింది ఆ సెల్లు కాకపోవాలి.

రెండోదే ఎక్కువ. ఎస్‌ఆర్626ఎస్‌డబ్ల్యూ బదులు అదే సైజులో ఆల్కలైన్ ఏజీ4 వేసి పంపడం వీధి చివరి బడ్డీల్లో కొత్త కాదు. వేసినరోజు వాచీ భేషుగ్గా నడుస్తుంది. నెలలు గడిచేకొద్దీ వోల్టేజీ జారుతుంది, చివరి దశలో వాచీ ఆగుతుంది. ఆగిన వాచీని ఎవరూ వెంటనే బాగుచేయించరు, సొరుగులో పడేస్తారు. ఖాళీ అయిన ఆల్కలైన్ సెల్లు ఊరుకోదు. దాని అంచునుంచి క్షారం చెమర్చి, తెల్లని పొడిలా పేరుకుని, రాగి పట్టీలను తినేస్తుంది. మిగిలిన రూపాయలకు ఏళ్లనాటి వాచీ బలవుతుంది. ఏ సెల్లైనా సరే, ఆగిన వాచీలో ఉంచకూడదు.

ఎస్‌ఆర్626 తర్వాత వచ్చే 'ఎస్‌డబ్ల్యూ' అక్షరాలకూ అర్థం ఉంది. అవి ఉంటే లోపలి క్షారం సోడియం హైడ్రాక్సైడ్: తక్కువ కరెంటును ఏళ్ల తరబడి ఇవ్వడానికి. ఒట్టి 'డబ్ల్యూ' ఉంటే పొటాషియం హైడ్రాక్సైడ్: అలారం, లైటు, డిజిటల్ తెర ఉన్న వాచీలు అప్పుడప్పుడు ఒక్కసారిగా లాగే ఎక్కువ కరెంటును తట్టుకోవడానికి. అమెరికా పద్ధతిలో మొదటిది 377, రెండోది 376. కొన్ని కంపెనీలు ఇప్పుడు రెండు పనులకూ పనికొచ్చేలా ఒకే సెల్లు చేసి పొట్లంమీద రెండు అంకెలూ అచ్చువేస్తున్నాయి. ముల్లుల వాచీలో డబ్ల్యూ వేస్తే కొంప మునగదు, ఆయుష్షు కాస్త తగ్గుతుంది. లైటున్న వాచీలో ఎస్‌డబ్ల్యూ వేస్తే లైటు నొక్కినప్పుడల్లా తెర తడబడవచ్చు.

కొన్ని వాచీలు అయిపోయే ముందు కబురు పెడతాయి. సెకన్ల ముల్లు సెకనుకొకసారి కదలడం మానేసి, రెండేసి సెకన్లో నాలుగేసి సెకన్లో ఒక్క దూకు దూకుతుంది. వాచీ చెడిపోలేదు. వోల్టేజీ గీత దాటిందని లోపలి చిప్పు గమనించి చేస్తున్న సైగ అది. వెండి సెల్లు గుణాన్ని బట్టి, అంటే చివర్లో నిట్టనిలువునా పడే గుణాన్ని నమ్ముకుని, పెట్టిన ఏర్పాటు. మెల్లగా జారే ఆల్కలైన్ వేస్తే ఈ దూకుడు చాలా ముందే మొదలై కంగారు పెడుతుంది.

ఎండతో నడిచే వాచీల సంగతి పూర్తిగా వేరు. వాటిలో ఉండేది మళ్లీ మళ్లీ చార్జి అయ్యే సెల్లు. సిటిజన్ ఎకో-డ్రైవ్ వాచీల్లో ఎంటీ621, క్యాసియో సోలార్ వాచీల్లో సీటీఎల్1616 లాంటివి. 1616 అనే అంకె చూసి సీఆర్1616 కొనుక్కొచ్చి పెడితే సైజు అతికినట్టు సరిపోతుంది. కానీ వాచీలోని సర్క్యూట్ చార్జింగుకు పనికిరాని ఆ లిథియం సెల్లును రోజూ చార్జి చేయబోతుంది. ఉబ్బడం, కారడం దాని తర్వాతి ఘట్టాలు.

గాలి తినే సెల్లు

వినికిడి యంత్రాల్లో వాడే జింక్-ఎయిర్ సెల్లు బటన్ సెల్లుల్లోకెల్లా విచిత్రమైనది. వీపున సన్నని రంధ్రాలు, వాటిమీద రంగు స్టిక్కరు. స్టిక్కరు పీకితే గాలిలోని ఆక్సిజన్ లోపలికి వెళ్లి రసాయన చర్య మొదలవుతుంది. రెండో పదార్థం బయటి గాలి నుంచే వస్తుంది కాబట్టి డబ్బా అంతా జింకుతో నింపవచ్చు. అందుకే ఎల్‌ఆర్44తో సమానమైన సైజులో ఉన్న 675 రకం దానికి నాలుగైదు రెట్లు, సుమారు 600 మిల్లీ ఆంపియర్ అవర్లు, ఇముడ్చుకుంటుంది. స్టిక్కరు రంగును బట్టి సైజు చెప్పవచ్చు: 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. ఏ కంపెనీదైనా రంగులు ఇవే. కంటిచూపు తగ్గిన పెద్దలకు ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఈ రంగంలో మరొకటి లేదు.

స్టిక్కరు పీకగానే యంత్రంలో పెట్టేయకూడదు. నాలుగైదు నిమిషాలు గాలికి ఉంచితే వోల్టేజీ పూర్తిగా లేస్తుంది. ఒకసారి పీకాక మళ్లీ అతికించినా వెనక్కి తిరగదు. వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో దాని పని అయిపోతుంది. లోపలి తేమ కూడా ఆ రంధ్రాలగుండానే వస్తూ పోతూ ఉంటుంది. రామగుండం వేసవి పొడిగాలికి లోపలిది ఎండిపోతుంది, విశాఖ తీరంలోని ఉక్కకు తేమ పీల్చుకుంటుంది. ఒకే పొట్లంలోని సెల్లులు ఒక ఊళ్లో రెండు వారాలొచ్చి మరో ఊళ్లో తక్కువ రావడానికి ఇదీ ఒక కారణం. చల్లగా ఉంటుందని ఫ్రిజ్‌లో దాచడం కూడా వద్దు, బయటికి తీయగానే రంధ్రాలమీద నీరు పడుతుంది.

సైజు కలిసింది కదా అని వినికిడి యంత్రంలో ఎల్‌ఆర్44 పెడితే చప్పుడు పెంచినప్పుడల్లా గొంతు పట్టేసినట్టవుతుంది, త్వరగా ఖాళీ అవుతుంది. తిరగేసి కాలిపర్‌లో 675 పెడితే మొదట పనిచేస్తుంది, వాడకపోయినా కొద్దికాలానికే చస్తుంది.

పాత ఫిల్మ్ కెమెరాల అభిమానులకు ఇంకో చిక్కుంది. వాటి వెలుతురు మీటర్లు 1.35 వోల్టుల పాదరసం సెల్లు కోసం తయారయ్యాయి. పాదరసం విషం కాబట్టి ఆ సెల్లులను ప్రపంచమంతటా మానేశారు. బదులుగా 1.5 వోల్టులది పెడితే మీటరు వెలుతురును తప్పుగా చెబుతుంది, ఫొటో ఆ మేరకు చెడుతుంది. 1.4 దగ్గర నిలబడే జింక్-ఎయిర్ వారికి కాస్త దగ్గరి చుట్టం.

లిథియం నాణేలు

ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా తిరిగేది సీఆర్2032. కారు తాళం, వంటింటి తూకం యంత్రం, గ్లూకోమీటరు, కంప్యూటర్ మదర్‌బోర్డు, టీ-లైట్ దీపం అన్నిటా అదే. దాని నిల్వ సుమారు 220 నుంచి 240 మిల్లీ ఆంపియర్ అవర్లు. సన్నని 2025లో సుమారు 160, 2016లో 90. మూడూ మూడు వోల్టులే కాబట్టి 2032 దొరకనప్పుడు 2025 పెట్టి సందులో మడిచిన కాగితం దూర్చేవారు కనిపిస్తారు. కరెంటుపరంగా ప్రమాదం లేదు గానీ, కాగితం తప్పు వైపున పడితే సంబంధమే తెగుతుంది. 2025 గూట్లో 2032ను బలవంతంగా కుక్కడం అంతకన్నా చెడ్డ పని. రేకు స్ప్రింగు వంగిపోతుంది. ఆ తర్వాత సరైన 2025 పెట్టినా అది అందదు.

ఈ సెల్లును మల్టీమీటరుతో పరీక్షించి మోసపోవడం చాలా మామూలు. కొత్త 2032 ఊరికే కొలిస్తే 3.2 దాకా చూపిస్తుంది. దాదాపు అయిపోయినది కూడా ఏ పరికరానికీ కరెంటు ఇవ్వనప్పుడు 2.9, మూడు చూపించగలదు. లిథియం సెల్లు ముసలిదయ్యేకొద్దీ వోల్టేజీ కన్నా, కరెంటును అడ్డుకునే లోపలి నిరోధం ఎక్కువ మారుతుంది. రిమోట్ మీట నొక్కినప్పుడు, బ్లూటూత్ చిప్పు సంకేతం పంపినప్పుడు ఒక్క క్షణం ఎక్కువ కరెంటు కావాలి. ఆ క్షణంలో వోల్టేజీ దబ్బున కూలి, మరుక్షణం మామూలుగా లేచి కూర్చుంటుంది. కాబట్టి మీటరు 'బాగుంది' అంటుంది, కారు తలుపు తెరుచుకోదు. సరైన పరీక్ష కావాలంటే మీటరు తీగల మధ్య ఒక వంద ఓమ్‌ల రెసిస్టరు పెట్టి రెండు సెకన్లపాటు చూడాలి. మంచి సెల్లు నిలబడుతుంది, అలసినది కళ్లముందే జారిపోతుంది.

కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే, దానివల్ల వెబ్‌సైట్లు భద్రతా హెచ్చరికలు చూపిస్తుంటే, వైరస్‌ను అనుమానించే ముందు మదర్‌బోర్డు మీది 2032ను చూడాలి.

ఎల్ఐఆర్2032 అనే చార్జింగ్ రకం కూడా అదే సైజులో దొరుకుతుంది. ఒకసారి కొంటే మళ్లీ కొనక్కర్లేదనే ఆశ పుట్టిస్తుంది. నిండా చార్జి అయితే దాని వోల్టేజీ 4.2. మూడు వోల్టుల పరికరాన్ని ఇది దెబ్బతీయగలదు. నిల్వ చూస్తే 40 మిల్లీ ఆంపియర్ అవర్ల చుట్టుపక్కలే, మామూలు దానిలో ఐదో వంతు. ఈ బేరంలో లాభం ఎక్కడుందో వెతకాలి. సీఆర్2032ను చార్జి చేయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్ని కంపెనీలు లిథియం సెల్లు మీద చేదు పూత పూస్తున్నాయి. మంచి ఆలోచనే. కానీ ఆ పూత కరెంటును పోనివ్వదు, కొన్ని పరికరాల్లో సెల్లును తాకే రేకు సరిగ్గా పూతమీదే పడుతుంది. చేదు పూత ఉన్న 2032లు, వస్తువుల ఆచూకీ చెప్పే తన ఎయిర్‌ట్యాగ్‌లో పనిచేయకపోవచ్చని ఆపిల్ ముందే చెబుతోంది. కొత్త సెల్లు పెట్టినా పరికరం లేవకపోతే పొట్లంమీద ఆ మాట ఉందేమో చూడాలి.

కొనేటప్పుడు, పెట్టేటప్పుడు

ప్లాస్టిక్ డబ్బాలో విడిగా గుమ్మరించిన సెల్లులు కొనకపోవడం మంచిది. ఒకదాని ప్లస్సు ఇంకొకదాని మైనస్సును తాకుతూ దారిలోనే సగం ఖర్చవుతాయి. పొట్లంలో ఉన్నవాటికి తేదీ చూడాలి. లిథియం సెల్లు పదేళ్ల దాకా నిల్వ ఉంటుంది, ఆల్కలైన్ మూడు నాలుగేళ్లు దాటితే అనుమానమే. బ్రాండ్ పేరొక్కటీ చూస్తే చాలదు. సోనీ తన బ్యాటరీ వ్యాపారాన్ని 2017లో మురాటాకు అమ్మేసింది. అంచేత సోనీ పేరుతో వెండి సెల్లు కనిపిస్తే అది ఏ సంవత్సరపుదో అడగడం న్యాయం.

పెట్టేటప్పుడు వెడల్పైన చదునువైపు ప్లస్సు, చిన్న గుండీలా ఉన్నవైపు మైనస్సు. జింక్-ఎయిర్‌లో రంధ్రాలున్న వైపు ప్లస్సు. లోహపు ట్వీజర్లతో అంచులను పట్టుకుంటే ప్లస్సూ మైనస్సూ కలిసిపోతాయి. ప్లాస్టిక్‌వి వాడాలి, లేదా పొడిగుడ్డతో పట్టుకోవాలి. వేలి జిడ్డు ఇంత చిన్న స్పర్శకు అడ్డంకే. బొమ్మల్లో మూడు సెల్లులు వరుసగా ఉంటే మూడింటినీ ఒకేసారి, ఒకే రకంవి మార్చాలి. పాతదొకటి మిగిలితే కొత్త రెండూ దానిలోకి కరెంటును బలవంతంగా తోసి తిరగేస్తాయి. ముందు కారేది అదే.

పాత సెల్లు ఎక్కడ పడేస్తారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. పరికరానికి పనికిరాని 2032లో కూడా పసిపిల్ల ఆహారనాళాన్ని కాల్చడానికి సరిపడా శక్తి మిగిలి ఉంటుంది. గొంతులో ఇరుక్కున్న సెల్లు చుట్టూ ఉన్న తడిలోంచి కరెంటు పారుతుంది. మైనస్సు వైపున గాఢమైన క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే నాళానికి తీవ్రమైన పుండు పడవచ్చు. 20 మిల్లీమీటర్ల లిథియం సెల్లులు సరిగ్గా ఇరుక్కునే సైజు కావడంతో వాటితోనే ప్రమాదం ఎక్కువ. దీపావళికి గుమ్మాల్లో పెట్టే చవక ఎల్‌ఈడీ దీపాల అడుగు మూతకు చాలాసార్లు స్క్రూ ఉండదు, గోటితో ఊడి వస్తుంది. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఎక్స్‌రే సౌకర్యమున్న ఆసుపత్రికి వెళ్లాలి, వాంతి చేయించకూడదు. ఏడాది దాటిన పిల్లలకు, మింగి పన్నెండు గంటలు కాకపోతే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వవచ్చని అమెరికాలోని విషచికిత్స నిపుణుల సూచన, ఆరుసార్లకు మించకూడదు. తేనె కోసం ప్రయాణం ఆపకూడదు. ఏడాదిలోపు పిల్లలకు తేనె పనికిరాదు. ఎక్స్‌రేలో నాణెం ఒకే వలయంగా, సెల్లు అంచున రెండు వలయాలుగా కనిపిస్తుంది. డాక్టర్లు రూపాయి బిళ్లకూ సెల్లుకూ తేడా పట్టేది ఈ గుర్తుతోనే.

2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యతను తయారీదారులమీద పెట్టాయి. చెత్తబుట్టమీద అడ్డంగా కొట్టేసిన గుర్తు ఆ పొట్లంమీద ఉండేది అందుకే. అది సేకరణ కేంద్రం చేరేదాకా ఇంట్లో ఉండక తప్పదు కాబట్టి, తీసిన ప్రతి సెల్లుకూ రెండువైపులనూ కప్పేలా టేపు చుట్టి, పిల్లలకు అందని అరలో మూతున్న డబ్బాలో వేయాలి. టేపు చుట్టే ముందు దానిమీది అక్షరాన్నీ అంకెలనూ పరికరం మూత లోపలివైపు పెన్నుతో రాసి పెడితే వచ్చేసారి దుకాణంలో పాత సెల్లు చూపించాల్సిన అవసరం ఉండదు.